కుందేళ్ల జట్టుకు కొత్త కోచ్

కుందేళ్ల ఫుట్‌బాల్ జట్టు వరుసగా ఆరు మ్యాచ్‌లు ఓడిపోయింది. దాంతో కోచ్ తాబేలు తప్పుకుంది. కొత్త కోచ్‌గా ఎవరిని పెట్టాలా అని అభిమానులంతా వాగు ఒడ్డున చేరి వాదించుకుంటున్నారు.

“చిరుతను పెడదాం. భయముంటేనే కాళ్లు కదులుతాయి,” అంది కాకి.

ఉడుత చింకి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. తన జట్టు గెలుపు చూడక దానికి ఏడాదైంది.

పక్కనే కూర్చున్న గోల్‌కీపర్ కుందేలు మెల్లగా అడిగింది. “అక్కా, మ్యాచ్ ఓడిపోతే మీరంతా ఇళ్లకు వెళ్లిపోతారు. చిరుత దగ్గర మిగిలేది మేమే కదా?”

చింకి చప్పట్లు ఆపేసింది. తర్వాత లేచి నిలబడి, “తాబేలునే బతిమాలి తీసుకొద్దాం,” అంది.

“అయితే ఏడో మ్యాచ్ కూడా ఓడతాం!” అని అరిచింది కాకి.

“ఓడితే ఓడనీ. ఎనిమిదోది ఆడటానికి వీళ్లుంటారు,” అని చింకి తాబేలు ఇంటికి బయల్దేరింది.