ఉందండీ, రేపు రండి

“బ్రేక్ మాస్టర్ సిలిండర్ ఉందాండీ?” అని ఫోన్‌లో అడిగారు కోటేశ్వరరావు.

“ఉందండీ, రేపు రండి,” అంది ఛాయాదేవి.

ఫోన్ పెట్టేసింది. నిజానికి అలాంటిది ఇంట్లో లేదు. అదే కాదు, ఏదీ లేదు.

పటమటలో ఆ ఇల్లు ఒకప్పుడు ఇల్లు కాదు, గోడౌను. భర్త దుర్గాప్రసాద్‌కి ఆటోనగర్‌లో అంబాసిడర్ కారు సామాన్ల కొట్టు ఉండేది. కొట్టు ఇరుకు. పట్టని సరుకంతా ఇంటికే చేరేది. మంచం కింద క్లచ్ ప్లేట్లు. బీరువాలో పట్టుచీరల పక్కన ఫ్యాన్ బెల్టులు. మినప్పప్పు డబ్బా మూత తీస్తే బేరింగులు.

“నన్ను కూడా ఓ డబ్బాలో పెట్టి చీటీ అంటించండి,” అని ఆమె దెప్పేది.

“నీ మోడల్‌కి స్పేర్ దొరకదే,” అనేవాడాయన.

ఆయన పోయి ఆరేళ్ళు. పిల్లల్లేరు. కొట్టు మూసేసినా ఇంట్లో ఉన్న సరుకు కోసం డ్రైవర్లు, మెకానిక్కులు వస్తుండేవారు. వచ్చినవాళ్ళకి గ్లాసుడు మజ్జిగ, నాలుగు మాటలు. తర్వాత్తర్వాత ఆ కార్లు రోడ్డు మీద కనబడటం మానేశాయి. మనుషులూ మానేశారు. చివరికి మిగిలింది ఒక్కరే. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో పనిచేసి రిటైరైన కోటేశ్వరరావు. ఆయనా ఒంటరివారే.

నెలకోసారి ఆయన కారుకి ఏదో ఒకటి పోయేది. బండి షెడ్డులో ఉంటుంది కనక బస్సులో వచ్చేవారు. సాయంత్రం నాలుగింటికి వచ్చి, తీసుకున్న సామాను ఒళ్ళో పెట్టుకుని ఆరింటిదాకా కూర్చునేవారు. అంతసేపూ ఏం మాట్లాడుకునేవారంటే, ఏమీ లేదు. కాలవకి నీళ్ళొదిలారా లేదా, గుణదల తిరునాళ్ళ ట్రాఫిక్కు, గుత్తివంకాయలో కొబ్బరి వెయ్యాలా వద్దా.

“బండి కుదురుగా నడుస్తోందాండీ?” అని అడిగింది పోయిన నెల.

“ఎక్కడండీ! వయసైపోయింది కదా. ఒకటి బాగుచేయిస్తే ఇంకోటి పోతోంది.”

“మనలాగే,” అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నెలంతా ఆ ఇంట్లో వినబడిన నవ్వు అదొక్కటే.

ఊరికే రమ్మనొచ్చు కదా అంటారా? ఎదురింటి శౌరమ్మ వరండాలో కుర్చీ వేసుకుని మరీ కూర్చుంటుంది. “ఎవరమ్మా ఆయన?” అంటే, “కస్టమరండీ,” అనగలగాలి. పని మీద వచ్చిన మగమనిషికి కాఫీ ఇస్తే మర్యాద. పని లేకుండా వచ్చినాయనకి ఇస్తే వీధి వీధంతా కథ.

అందుకే ఏడాది కిందట సరుకు పూర్తిగా అడుగంటినా ఛాయాదేవి ఎవరికీ చెప్పలేదు. ఆయన ఫోన్ చేస్తే రేపు రమ్మనేది. మర్నాడు పొద్దున్నే ఆటోనగర్ వెళ్ళి, భర్త స్నేహితుడు బంగార్రాజు కొట్లో కొనేది. ఇంటికి తెచ్చి పాత పేపర్లో చుట్టి, పైన కాస్త దుమ్ము కూడా రాసేది. ఇంట్లో పాత సరుకే కదా అని చెప్పి, తను కొన్నదానికంటే తక్కువకే ఇచ్చేది. దుర్గాప్రసాద్ చూసి ఉంటే తల బాదుకునేవాడు.

పాత ముక్క తెచ్చి చూపిస్తేనే కొత్తది ఇవ్వాలని ఆయన రూలు. సైజు తేడా వస్తే కొట్టు పరువు పోతుందనేవాడు. కోటేశ్వరరావు మొదట్లో తెచ్చేవారు. ఈమధ్య మర్చిపోతున్నారు. గట్టిగా అడిగితే నొచ్చుకుంటారేమోనని ఆమె అడగడం మానేసింది.

మర్నాడు బంగార్రాజు పెదవి విరిచాడు.

“లేదు వదినగారూ. ఆ సిలిండర్ చెయ్యడమే మానేశారు.”

ఎండలో ఇంకో నాలుగు కొట్లు తిరిగింది. అందరిదీ అదే మాట. మళ్ళీ బంగార్రాజు దగ్గరికే వచ్చి స్టూలు మీద కూలబడింది.

“వాడిందైనా సరే, ఇప్పించండి అన్నయ్యగారూ.”

“బ్రేకు సామాను వాడింది ఇవ్వకూడదండీ. ప్రాణాలతో పని. ఇంతకీ ఎవరి బండికి?”

ఇన్నాళ్ళూ ఈ ప్రశ్నకి ‘ఎవరో కస్టమర్లే’ అని దాటేసేది. ఇవాళ నోరు రాలేదు. లేదని ఫోన్ చేసి చెప్పాలి. చెబితే ఆయన ఇంకో చోట వెతుక్కుంటారు. అక్కడ దొరికితే ఇక పటమట రావలసిన అవసరమే ఉండదు. ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

“ఇబ్రహీంపట్నం కోటేశ్వరరావు గారి కారుకండీ. నాలుగింటికి వస్తారు. ఒక్కసారి లేదన్నానంటే మళ్ళీ రారు అన్నయ్యగారూ,” అనేసింది. అన్నాక సిగ్గుతో తలొంచుకుంది.

బంగార్రాజు లేచి, అరలో చేతికందిన పెట్టె ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె పెట్టె మీద బొమ్మ చూసింది. “ఇది హారన్ కదండీ!”

“ఏదిచ్చినా ఆయనకి సరిపోద్దండీ వదినగారూ, ఆ కారుని రెండేళ్ళ కిందటే నా కళ్ళెదురుగా తుక్కుకి అమ్మేశారాయన.”