గడప దిగని కండక్టరమ్మ

కోర్టు అమీనా ఇద్దరు పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి, కండక్టరమ్మ గడప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఒంటి మీద డ్యూటీ చొక్కా. ఆ పూటకి సెలవు పెట్టింది గానీ, చొక్కా వేసుకుంటే గొంతు ఇంకో మెట్టు పైకి లేస్తుందని ఆమె నమ్మకం.

"లేవండమ్మా. ఈ ఇల్లు ఖాళీ చేయించాలి. కోర్టు ఉత్తర్వు," అన్నాడు అమీనా, కాగితం చూపిస్తూ.

"అందులో నా పేరుందా?"

"లేదు."

"అయితే నన్ను లేపమని కూడా లేదన్నమాట."

పోలీసుల్లో ఒకడు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

లోపల వదిన పుస్తకాలకి అట్టలు అంటిస్తోంది. ముందు గదే ఆమె బైండింగు షాపు. నేలకి బోల్టులేసి బిగించిన కోత మిషను, మైదా జిగురు గిన్నె, గోడవారన బడి పుస్తకాల దొంతర్లు. ఏళ్ల తరబడి ఆ ఇంటికి సున్నం వేయించింది ఆమె. పన్ను కట్టింది ఆమె. వానకి కారితే నిచ్చెనెక్కి రేకులు సర్దుకుందీ ఆమే. దస్తావేజులో పేరు మాత్రం ఇంకొకరిది. కోర్టుకి కావాల్సింది దస్తావేజు. వదిన ఓడిపోయింది.

"నువ్వెందుకే మధ్యలో? నీ కాపురం నువ్వు చూసుకో," అంది వదిన కళ్లొత్తుకుంటూ.

"నా కాపురానికేం, గుండ్రాయిలా ఉంది. నీ కొంపే మునిగేలా ఉంది. నువ్వు జిగురు ఆరిపోకుండా చూసుకో."

ఊరికే అనలేదు ఆ మాట. బస్సులో కండక్టరు ఉద్యోగం వచ్చిందంటే అప్పట్లో ఇంటిల్లిపాదీ ముక్కున వేలేసుకున్నారు. "వెళ్లవే, పిల్లని నేను చూసుకుంటా," అన్న ఒకే ఒక్క మనిషి ఈ వదిన. ఈ గదిలోనే కాగితం ముక్కల మధ్య పాకుతూ పెరిగింది ఆ పిల్ల.

అమీనా పక్కనుంచి లోపలికి దూరబోయాడు. కండక్టరమ్మ లేచి, రెండు చేతులూ ద్వారబంధానికి అటూ ఇటూ ఆన్చింది.

"సీట్లు లేవు. వెనక బస్సులో రండి."

సామాను బయటపడేశాక వేయడానికి తెచ్చిన కోర్టు తాళం ఒక పోలీసు చేతిలో ఉంది. దాన్ని లాక్కుని, వీధి వీధంతా చూస్తుండగా మురిక్కాలవలోకి గిరవాటేసింది.

ఆ పూటకి అమీనా వెనుదిరిగాడు గానీ, కోర్టు ధిక్కారం కేసు ఆమె మెడకి చుట్టుకుంది.

"జైలుకెళ్తే ఉద్యోగానికే ఎసరు. 'క్షమించండి' అని ఒక్క మాటనండి, చాలు," అని ఆమె వకీలు కోర్టు వరండాలో నూరిపోశాడు. ఆమె తలూపింది. ఆ ఊపు అడ్డమో నిలువో ఆయనకి అంతుబట్టలేదు.

బోనెక్కాక, జడ్జిగారు కళ్లద్దాల పైనుంచి చూశారు.

"ఆ ఇంటితో మీకేం సంబంధం?"

"అందులో మా వదిన ఉందండీ."

"తాళం విసిరేసింది మీరేనా?"

"నేనేనండీ. కాలవ లోతెక్కువ. ఇంకా దొరకలేదంట."

హాలంతా ఘొల్లుమంది. జడ్జిగారు బల్ల మీద తట్టారు. "ఇది బస్సు కాదు, కోర్టు. పొరపాటైందని చెప్పండి. ఇంతటితో వదిలేస్తాను."

వకీళ్ల వెనక బెంచీ మీద ఆమె మొగుడు కూర్చుని ఉన్నాడు. చేతులు జోడించి, 'చెప్పేయవే' అన్నట్టు పెదాలు కదిపాడు. ఆమె చూసీ చూడనట్టు మొహం తిప్పుకుంది.

"పొరపాటున విసరలేదండీ, కావాలనే విసిరాను. బోనులో నిలబెట్టి నాచేత అబద్ధమాడిస్తారా?"

ఇల్లు గెలిచిన పక్షం వకీలు చివాల్న లేచాడు. "చూశారా! ఈవిడని ఊరికే వదిలితే రేపు ప్రతి గడప మీదా ఒకరు కూర్చుంటారు. గట్టి శిక్ష పడాల్సిందే."

మొగుడు ముందుకి వంగి ఆ వకీలు నల్లకోటు అంచు పట్టుకుని లాగాడు. "ఇక చాలు సార్, మీకు దండం పెడతాను."

"మీరు కూర్చోండి!" అని కసిరాడు వకీలు.

జడ్జిగారు పెన్ను తీశారు. వారం రోజుల జైలు. రాస్తూ రాస్తూ ఆగి, "తరవాత అమీనా మళ్లీ ఆ ఇంటికి వెళ్తాడు, తెలుసుగా?" అన్నారు.

"వెళ్లనివ్వండి. అప్పటికి నేనూ బయటికొస్తాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

జైల్లో ఆమె కంట తడి పెట్టలేదు. కుళాయి దగ్గర కుమ్ములాట చూసి, వెళ్లిన రోజే అందర్నీ వరసలో నిలబెట్టింది. మొగుడు చూడ్డానికొస్తే మాత్రం బయటికి రాలేదు. "నా మాట ఆయన విన్నాడు. ఆయన మాటే నేనింకా వినలేదు," అని కబురంపింది.

విడుదలైన పొద్దున గేటు బయట అతను స్కూటరు పక్కన నిలబడి ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నాడు.

"వదిన?" అంది ఆమె, ఇంకో మాట లేకుండా.

"ఆ ఇంట్లోనే ఉంది. ఇందాక అటునించే వచ్చాను. మిషను చప్పుడు వినిపించింది."

"అమీనా వచ్చాడా?"

"రాలేదు. ఇంక రాడు కూడా."

"ఎవరు ఆపారు?"

అతను స్కూటరు తాళంచెవి అటూ ఇటూ తిప్పాడు. ఆమె స్కూటరెక్కలేదు. చేతులు కట్టుకుని నిలబడింది, అతని నోటితోనే వినాలని.

సొంత అక్క మీద దావా వేసి ఆ ఇంటిని గెలుచుకున్న ఆ మొగుడు తల దించుకుని, "నేనే," అన్నాడు.