బెంచీ మీది నర్సమ్మ

"పదిహేను రోజులకిచ్చిన మాత్రలు, ఆరు రోజులవి ఇంకా అలాగే ఉన్నాయేమ్మా?"

టీబీ మందులిచ్చే గది ముందు, భర్త మాత్రల అట్టలతో వచ్చినావిడను బెంచీ మీద కూర్చున్న ముసలామె నిలదీసింది.

ఆ ప్రశ్న ఎదురైనావిడ అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. అక్షరం పొల్లుపోతే ఊరుకోదు. తననొకరు తప్పు పట్టడం ఆమెకు కొత్త.

"మీకెందుకండీ?"

"దగ్గు తగ్గిందని ఆపేశాడా మీ ఆయన?"

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"తగ్గింది, ఒళ్లు కూడా చేశారు. కానీ మాత్ర వేసుకుంటే మూత్రం ఎర్రగా పోస్తున్నారండీ. రక్తమేమోనని నేనే ఆపించాను."

ముసలామె ఫక్కున నవ్వింది.

"రక్తం కాదు తల్లీ, మాత్ర రంగు! కళ్లు పచ్చబడితే పరుగెత్తుకు రా, దీనికి కాదు. మధ్యలో మానేస్తే పురుగు మొండికెత్తుతుంది. ఇక ఈ మాత్రలకి లొంగదు. ముందు లోపలికెళ్లి ఆరు రోజులు ఆపామని డాక్టరుకి చెప్పు."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఈ మాటలన్నీ రోగులకిచ్చే కరపత్రంలో ఉన్నవే. దాన్ని దిద్దింది తనే. ఒత్తులూ దీర్ఘాలూ చూసింది గానీ విషయం బుర్రకెక్కలేదు.

"ఎవరండీ ఆవిడ?" అని, డాక్టరుకి చెప్పి బయటికొచ్చాక పక్కవాళ్లను అడిగింది.

"అందరూ నర్సమ్మ అంటారు. రిటైరైనట్టుంది."

మర్నాడు పొద్దున్నే ఇల్లు కనుక్కుని నర్సమ్మ వచ్చేసింది. బస్సు డ్రైవరైన ఆ ఇంటాయన మొహం ముడుచుకున్నాడు.

"మింగు నాయనా. ఏదీ, నోరు తెరువు. నాలిక ఎత్తు."

"మా అత్తగారు కూడా నన్నింత గద్దించలేదు!"

"ఆవిడ పిల్లనిచ్చింది కాబట్టి భయపడింది. నాకేం భయం?"

ఆయన నవ్వుతూనే మింగాడు.

వారం రోజులు అలాగే వచ్చింది. ఎనిమిదో రోజున భార్య గుమ్మంలోనే ఆపేసింది.

"ఇరుగుపొరుగు ఆరా తీస్తున్నారండీ. రేపట్నించి నేనే చూసుకుంటాను."

"నువ్వే చూస్తానంటే ఇంకేం కావాలి తల్లీ!" అని నర్సమ్మ వెనుదిరిగింది. ఒక్కనాడూ ఆమెకు ఎవరూ కుర్చీ వేయలేదు.

భార్య మాట నిలబెట్టుకుంది. డాక్టరు చెప్పిన గడువంతా రోజూ దగ్గరుండి మింగించింది. ఆఖరి పరీక్షలో జబ్బు లేదని తేలింది.

ఆ కబురు ముందుగా నర్సమ్మకే చెప్పాలని వెళ్లింది. బెంచీ ఖాళీగా ఉంది.

"నర్సమ్మగారు రాలేదా?"

"పోయిన వారం చనిపోయిందమ్మా. నిద్రలోనే" అన్నాడు మందులిచ్చే ఆయన.



"ఏ ఆస్పత్రిలో పనిచేసేవారు?"

"ఎక్కడా చెయ్యలేదమ్మా, ఆమెకి అక్షరం ముక్క రాదు. భర్తకిచ్చిన కాగితంలో ఏముందో అడగడానికి సిగ్గుపడి, దగ్గు తగ్గింది కదా అని మూడో నెలలోనే మందులు ఆపించింది. ఆయన పోయాకే ఇక్కడికొచ్చి, కనబడ్డ వాళ్లందర్నీ అడిగి అడిగి ఇదంతా నేర్చుకుంది."