మడమలు

బడిలో పిల్లల ఎత్తు కొలిచే రోజు. డ్రిల్లు మాస్టారిగా ఇరవై ఏళ్లుగా ఆ పని నాదే. కొలబద్ద దగ్గర ప్రతివాడూ మడమలు లేపుతాడు. "దించరా, జిరాఫీ!" అంటే వరసంతా ఘొల్లుమంటుంది.

ఆరో తరగతి వరసలో మా అమ్మాయి వచ్చింది. మడమలు నేలకు ఆనే ఉన్నాయి. నూట ముప్ఫై ఎనిమిది సెంటీమీటర్లు.

నర్సమ్మ పాత కార్డు చూసింది. "నిరుడూ ఇంతేనండీ మాస్టారూ. వెంట్రుకవాసి కూడా ఎదగలేదు. డాక్టరుగారికి చూపించాలి."

నా భార్య పోయాక ఏడాదిగా ఇంట్లో వంట నాది. లోపం అందులోనే ఉందనుకున్నాను.

"మరి పాంటెందుకు పొట్టిదయింది?" నర్సమ్మ వంగి చూసింది. "మోకాళ్లు వంచావుటే, దొంగా!"

ఎత్తు పెంచుకునేవాళ్లనే పట్టుకున్నాను ఇన్నాళ్లూ. తగ్గించుకునేవాళ్లుంటారని తెలియదు.

"ఎందుకమ్మా?"

బడిలో నన్ను సార్ అనే పిల్ల, మెల్లగా అంది: "వంటింటి తలుపు మీద అమ్మ ఆఖరున గీసిన గీత ఉంది కదా నాన్నా. నేను పొడుగైతే అది కిందికి పోతుంది."

"నువ్వు దాటాలనే గీసిందమ్మా," అన్నాను.

నిటారుగా నిలబడింది. నూట నలభై నాలుగు. "అమ్మో, తాటిచెట్టే!" అంది నర్సమ్మ.

సాయంత్రం పెన్సిలు తీసుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. మా అమ్మాయి నవ్వు ఆపుకుంటూ మడమలు లేపింది.

చూడనట్టే గీశాను.