నిలిచిన బొమ్మ

ఆరోసారి కూడా గోడ మీద బొమ్మ లేదు.

వారం రోజులు పట్టి గీసిన గుర్రాల మీద ఎవరో ఎర్రమన్ను అలికేశారు. మన్ను ఇంకా పచ్చిగానే ఉంది.

దేవీప్రసాద్‌కి ఒళ్ళు మండిపోయింది.

విశాఖలో నలభై ఏళ్ళు బొమ్మలేసిన మనిషి. సినిమా బ్యానర్లతో మొదలుపెట్టాడు. పెద్దమనుషుల ముఖాలు వేశాడు, అరకు రిసార్టులకి జలపాతాలు వేశాడు. అన్నీ అమ్ముడుపోయాయి, ఒక్కదానికీ ప్రాణం లేదు. లోకానికి తెలియకపోయినా ఆ సంగతి అతనికి తెలుసు. చచ్చేలోగా ప్రాణమున్న గీత ఒక్కటైనా గీయాలని సీతంపేట కొండల మీద, గోడబొమ్మలకి పేరుపడ్డ ఈ సవర గిరిజనుల ఊరికొచ్చి, యర్రమ్మ ఇంట్లో దిగాడు.

"ఇక్కడ గోడబొమ్మలు ఎవరు నేర్పుతారు?" వచ్చిన రోజే అడిగాడు.

"నేర్పీదేటుంది బాబూ? గోడుంది, బియ్యప్పిండుంది. గియ్యి," అంది యర్రమ్మ.

గీశాడు. గీసినంతసేపూ ఎదురింటి ముసలి బుధు అరుగు మీద కూర్చుని చూసేవాడు. ఉలకడు, పలకడు.

ఇవాళ ఆ ముసలాడి చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"నువ్వేనా చెరిపింది?"

బుధు తలూపాడు.

"ఎందుకు?"

"గుర్రం నడవనేదు."

"నలభై ఏళ్ళ చెయ్యిరా ఇది! నువ్వా నాకు చెప్పేది? మళ్ళీ గోడ ముట్టుకుంటే పోలీసులకి పట్టిస్తా!"

రెక్క పట్టుకుని తోశాడు. ముసలాడు పడి, లేచి, వెళ్ళిపోయాడు.

ఏడో బొమ్మ గీశాడు. మర్నాడూ ఉంది. వారమైనా ఉంది.

మొదట్లో సంబరపడ్డాడు. చూడగా చూడగా గుండె జారిపోయింది. గుర్రాలు నిజంగానే నడవడం లేదు. ఎక్కడ తప్పిందో ఎంతకీ అంతుపట్టలేదు.

సిగ్గు విడిచి అడిగాడు. "యర్రమ్మా, బుధు ఏడీ?"

"కూతురింటికి ఎల్లిపోనాడు బాబూ. అక్కడే జొరమొచ్చి మొన్న సచ్చిపోనాడు."

దేవీప్రసాద్ ఎదురింటి ఖాళీ అరుగు వైపు చూశాడు.

"నా బొమ్మలు చెరిపాడని తోసేశాను యర్రమ్మా."



"సెరిపితే తోసేత్తావేటి బాబూ? నీకు తెలుసనుకున్నాను," అంది యర్రమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "ఈ కొండల మీద గోడలన్నీ ఆడి సేతివే. బొమ్మ నేర్పీవోడు నోటితో సెప్పడు, సెరిపేత్తాడు. ముప్పై ఏళ్ళలో ఆడు సెరిపింది నీ గోడొక్కటే."