నలభై మూడు గజాల పన్ను

కంచె బావ మాట ఎత్తితే చాలు, తాళాలాయనకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

కంచె బావ అంటే సొంత అక్క మొగుడే. రెండు పెరళ్ల మధ్య కంచెని వానాకాలం వచ్చినప్పుడల్లా "గాలికి ఒరిగిందయ్యా" అంటూ మూరెడు ఇటు జరిపి పాతేవాడు. తొమ్మిదేళ్ల కిందట టేపు పెట్టి కొలిపిస్తే, తాళాలాయన స్థలం నలభై మూడు గజాలు బావ పెరట్లో తేలింది. అదేమిటని అడిగితే "కాగితం చూపించు" అన్నాడు. కాగితం లేదు. తాళాలాయన ఆ ఇల్లు అద్దెకిచ్చేసి, తాళాల షాపు మీది గదిలోకి మారిపోయాడు. ఆనాటి నుంచి మాటల్లేవు, రాకపోకల్లేవు.

అలాంటి బావ ఇప్పుడు రొట్టె అంచులు తీసి, పాలలో ముంచి, పళ్లెం పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"మెల్లగా తిను బావమరిదీ. కుడివైపు నమలకు. నీ పుచ్చుపన్ను చల్లగా ఉండాలి!"

అంతా మేనకోడలి లైసెన్సు మహిమ.

ఆ పిల్ల పళ్ల డాక్టరీ చదివి పట్టా తెచ్చుకుంది. కానీ బోర్డు వాళ్ల లైసెన్సు చేతికొచ్చేదాకా ఎవరి నోట్లోనూ వేలు పెట్టకూడదట. పెడితే కేసు. ఆ లైసెన్సు పరీక్షకి పెన్నూ పేపరూ చాలవు, మనిషిని తీసుకెళ్లాలి. పుచ్చుపన్ను ఉన్న మనిషిని, ఎవరికి వాళ్లే వెతుక్కుని. పుచ్చు మరీ చిన్నదైనా పనికిరాదు, మరీ పెద్దదైనా పనికిరాదు.

మొదటిసారి తీసుకెళ్లినవాడు సూది చూసి కిటికీలోంచి దూకాడు. రెండోసారి తీసుకెళ్లినావిడ పుచ్చు ఆవగింజంత కూడా లేదని తిప్పి పంపేశారు. ఇది మూడోసారి. ఇదే ఆఖరు. తప్పితే మళ్లీ రెండేళ్లు కాలేజీ బెంచీ మీద కూర్చోవాలి.

బావ పుచ్చుపన్ను కోసం వీధులన్నీ గాలించాడు. ఎవరైనా పలకరిస్తే మొహం చూడ్డం మానేసి నోట్లోకి చూసేవాడు. ఆ కబురు తాళాల షాపుకి చేరింది. తాళాలాయన షట్టరు సగం దించి, గంటసేపు ఏదో సన్నపని చూసుకుని, చెంపకి తువ్వాలు కట్టుకుని అక్క గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

మేనకోడలు టార్చిలైటు తెచ్చింది. ఆయన నోరు తెరిచి, మూడు లెక్కపెట్టేలోగా మూసేశాడు.

"అబ్బ! అచ్చం పుస్తకంలో బొమ్మలా ఉంది నాన్నా!" పిల్ల ఎగిరి గంతేసింది. "చిగుళ్లు కూడా ఎంత గులాబీ రంగులో ఉన్నాయో! మామయ్యా, ఒక్కసారి ముట్టుకుని చూస్తా..."

"లైసెన్సుందా?" అని గద్దించాడు.

పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నా నలభై మూడు గజాలు నాకు రాసిస్తేనే ఈ పన్ను పరీక్షకొస్తుంది. లేదంటే రేపే పీకించేసుకుంటా."

"మేనకోడలి బతుకు దగ్గర బేరాలేంట్రా తమ్ముడూ!" అంది అక్క.

"కంచె దగ్గర ఆయన ఆడింది ఆటా?"

"పరీక్ష కానీ, రాసిస్తాను" అన్నాడు బావ.

"నీ నోటిమాట మీద నా నోరు తెరవను."

చివరికి అక్కే మధ్యవర్తి అయింది. బావ పళ్లు నూరుకుంటూ దస్తావేజు మీద సంతకం పెట్టాడు. అది అక్క చేతిసంచిలో ఉంటుంది. పరీక్ష హాల్లో పెద్ద డాక్టరు పన్ను చూసి "సరే" అని చీటీ మీద ముద్ర వేసిన మరుక్షణం తమ్ముడి చేతికొస్తుంది. ఆ పెద్ద డాక్టరు కళ్లద్దాలు సీసా అడుగంత మందమనీ, ఒక్కో నోటికీ పది సెకన్లకి మించి ఇవ్వడనీ తాళాలాయన ముందే వాకబు చేసి పెట్టుకున్నాడు. ముద్ర పడ్డాక ఆ పిల్ల తిప్పలు ఆ పిల్లవి.

ఇంకెవరైనా ఎత్తుకుపోతారేమోనని బావ ఆయన్ని వారం రోజులు ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఆయన కుర్చీ ఎండలో ఉంటే బావే జరిపాడు. ఫ్యాను గాలి పంటికి తగిలితే బావే ఆపాడు. తాళాలాయన చెంప పట్టుకుని మూలుగుతూ రాజభోగం అనుభవించాడు. ఓ పూట పొరపాటున ఎడమచెంప పట్టుకున్నాడు.

"నిన్న కుడివైపు కదా?" అన్నాడు బావ అనుమానంగా.

"నెప్పి నీ కంచె లాంటిది బావా. రోజుకింత జరుగుతోంది."

బావ పాలు వెచ్చబెట్టడానికి వెళ్లాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. అద్దాల తలుపు అవతల అక్క చేతిసంచి గుండెకి అదుముకుని కూర్చుంది. పక్కన బావ గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఇవతల మేనకోడలు చేతులకి తొడుగులు వేసుకుని నిలబడింది. పెద్ద డాక్టరు పక్క కుర్చీ ముగించి, ముద్ర పట్టుకుని ఇటే వస్తున్నాడు.

కుర్చీ మెల్లగా వెనక్కి వాలింది. పరుపు మెత్తగా ఉంది. మెడ దాకా దుప్పటిలా గుడ్డ కప్పారు. వారం రోజులుగా పరాయి ఇంట్లో కునుకు లేదేమో, తాళాలాయన కళ్లు మూతలు పడుతున్నాయి.

దంతాలు శుభ్రం చేసే హైజీనిస్టు అమ్మాయి వచ్చింది. ఆ రోజు ఆమెకీ లైసెన్సు పరీక్షే, రూలు పుస్తకంలో ఉన్న ఏ మాట మింగేసినా మార్కులు పోతాయి.

"అంకుల్, నోట్లోంచి తీసి పెట్టేవి ఏమైనా ఉంటే ఈ గిన్నెలో పెట్టండి" అంది, అప్పజెప్పినట్టు.

తాళాలాయన కళ్లు మూసుకునే, రోజూ పడుకునే ముందు చేసే అలవాటుకొద్దీ, పై పళ్లసెట్టూ కింది పళ్లసెట్టూ ఊడదీసి, వాటితోపాటు నలభై మూడు గజాల స్థలాన్ని కూడా ఆ గిన్నెలో పెట్టేశాడు.