గడ్డి మీద పాఠం

యెషయా సారును చంపినా పాపం లేదనుకున్నాడు రూబెన్.

ఇంగ్లీషు చెప్పమని జీతమిస్తే ఆ మనిషి దేశాలన్నీ తిప్పుతాడు. ఆళ్లగడ్డ బడిలో పదో తరగతి గోడకు ప్రపంచ పటం అంటించినాడు. జపానోళ్లు ఎట్ల వంగి దండం పెడతారో, మెక్సికోలో చచ్చిపోయినోళ్లకు పండగ ఎట్ల చేస్తారో, ఇవీ ఆయన పాఠాలు. రూబెన్ అయిదో తరగతిలోనే బడి మానేసినోడు. అయినా ఇది చదువు కాదని అతనికి తెలుసు.

పోయిన వారం ర్వాండా వంతు వచ్చింది. ఆడ పక్కింటోళ్లే పక్కింటోళ్లను నరికినారంట. తర్వాత ఊరంతా గడ్డి మీద కూచుంటే, తప్పు చేసినోళ్లు లేచి, చేసింది చేసినట్టు చెప్పి, క్షమించమని అడిగినారంట. "మీ ఇండ్లల్లో అట్లాంటి పగ ఏదన్నా ఉంటే ఇంగ్లీషులో రాసుకొని రండి" అన్నాడు సారు.

రూబెన్ కూతురు జెస్సీ రాసి ఊరుకోలేదు.

పొలం గెట్టు కాడ, పక్క చేను లాల్ సాహెబ్‌తో రూబెన్‌కు నాలుగేండ్ల తగాదా. రెండుసార్లు తలకాయలు పగిలినాయి. నిన్న సర్వేయరు వస్తే లాల్ సాహెబ్ మనుషులంతా పొలం కాడ చేరినారు. సర్వే ఒప్పుకునేది లేదని రూబెన్ ఇల్లు కదల్లేదు. బడి నుంచి జెస్సీ మాత్రం నేరుగా ఆడికే పోయింది. అందరి ముందరా గడ్డి మీద కూచుని, మా ఇంటిని క్షమించండి అని అడిగింది.

పొద్దు గూకేలోపల పిల్ల కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది.

నంద్యాల పెద్దాసుపత్రిలో కట్టు కట్టినారు. పదో తరగతి పరీక్షలకు ఇంక పన్నెండు దినాలు.

"ఎవరు కొట్టినారప్పా?" అడిగింది డాక్టరమ్మ.

"మెట్ల మీద పడిందని రాసుకో తల్లీ. మా సంగతి మేం చూసుకుంటాం."

ఆమె అట్లే రాసుకుంది. ఆళ్లగడ్డ వైపు నుంచి ఆ ఆసుపత్రికి వచ్చేవాళ్లంతా మెట్ల మీద పడినోళ్లే.

భార్య ఎలిజబెత్ రాత్రి నుంచి పిల్ల మంచం వదల్లేదు. జెస్సీ గోడవైపు తిరిగి పడుకుంది. దుప్పటి సర్దుదామని రూబెన్ చెయ్యి చాపితే ఉలిక్కిపడింది. దెబ్బల భయం ఇంకా పోలేదు పిల్లకు.

ఇంటికి పోయినాడు. వాకిలి వెనకాల తుమ్మకట్టె ఆనించి ఉంది. కొన చీలింది. చీలికలో ఏదో నీలం దారం చిక్కుకొని ఉంది. అట్లే బండికి కట్టుకొని బడికి పోయినాడు.

"ర్వాండా యాడుందో చూపీ సారూ!"

పటం ముందర నిలబడిన యెషయా తిరిగేలోగా మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మోకాలి మీద. నీలం యూనిఫారాల పిల్లలు కేకలేసుకుంటా బెంచీల కిందికి దూరినారు. సారు పటం పట్టుకొని కూలబడినాడు. అది సగానికి చిరిగి ఆయన మీదే పడింది.

"లాల్ సాహెబ్ కాడికి పొమ్మని నేను చెప్పలేదు రూబెనన్నా!"

"చెప్పలేదా? ఆ గడ్డి కత ఎవురు చెప్పినార్రా, మీ నాయనా?"

మూడో దెబ్బకు సారు నుదురు చిట్లింది. ఆఫ్రికా అంతా నెత్తురయింది.

లాల్ సాహెబ్ పంక్చర్ల కొట్టు బడికి ఎదురుగానే. అరుపులు విని ఉరికొచ్చినాడు.

"కొట్టింది చాలు. పాపకు ఎట్లుందో చెప్పు ముందు."

"నువ్వడుగుతాండావా? నువ్వా!"

నాలుగో దెబ్బ లాల్ సాహెబ్ చెవి కింద పడింది. ఆయన పడిపోలేదు. నోట్లో నెత్తురు ఉమ్మి, కట్టె పట్టుకొని గుంజుకున్నాడు. తిప్పి కొట్టబోయినవాడు కొన చూసి ఆగినాడు. బెంచీ కిందున్న ఆడపిల్లల యూనిఫారాల దిక్కు ఒకసారి చూసినాడు. తర్వాత రూబెన్ దిక్కు చూసినాడు. కట్టె కింద పడేసినాడు.

హెడ్మాస్టరు ఫోను చేస్తే హెడ్ కానిస్టేబుల్ దేవసహాయం వచ్చినాడు. సారు నుదుటికి తువ్వాలు చుట్టించినాడు. రూబెన్ రెట్ట పట్టుకొని వరండాలో నిలబెట్టినాడు.

"నీ కడుపుమంట నాకు తెలుసు రూబెనూ. ఆడపిల్లను అట్ల కొట్టినోడు మనిషేనా? పేరు చెప్పు. ఈ పూటే లోపలేస్తా."

రూబెన్ కింద పడున్న కట్టె దిక్కే చూస్తా నిలబడినాడు.

గెట్టురాళ్లు జరిపింది మా నాయనే అని జెస్సీ సర్వేయరు ముందర ఒప్పుకొని ఇంటికొచ్చిన సాయంత్రం, గడప దాటకముందే ఇదే కట్టెతో కూతురి చెయ్యి విరిచిన రూబెన్‌కు ఆ సర్వేలో పోయిన నేల ఎకరా ముప్పై అయిదు సెంట్లు.